పొద్దున తగ్గే వాపు

గొంతువాపు అనే మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం, మాటది తప్పేం లేదు. అది వానాకాలంలో పశువులకు వచ్చే ఒక చెడ్డ జబ్బు పేరు. చెయ్యి పెట్టలేనంత జ్వరం, గుర్రుగుర్రున గురక, ఒకటి రెండు రోజుల్లో చావు. మా పశువుల దవాఖాన గోడకు దాని బొమ్మ కూడా వేలాడుతుండేది. నా మంట ఆ జబ్బు మీద కాదు. బర్రె నాలుగు కాళ్ల మీద ఎదురుగా నిలబడి ఉంటే దాని వైపు చూడకుండా, చెవిన పడిన మాటను పట్టుకుని మందు రాసిన మనిషి మీద.

ఇది ఎనభైల చివరి ముచ్చట. నేనప్పుడు కాంపౌండరుని. నాగర్‌కర్నూలుకూ వనపర్తికీ నడుమ ఎక్కడో ఒక మండలంలో ఉద్యోగం. ఊరి పేరు రాయను. రాస్తే ఎవరెవరో భుజాలు తడుముకుంటారు. దవాఖాన అంటే రెండు గదుల పెంకుటిల్లు, ముందర పశువును కదలకుండా బిగించే ఇనుప గొట్టాల చట్రం, వెనక నేనుండే ఒంటి గది. మందు కలపడం, కట్టు కట్టడం, సూది వేయడం, రిజిస్టరు రాయడం నా పని. జబ్బు పేరు చెప్పడం నా పని కాదు. అది డాక్టర్ గారు చెప్తారు, నేను రాస్తాను. రిజిస్టరులో చేతిరాత మొత్తం నాది, తెలివి మొత్తం ఆయనది.

డాక్టర్ గారు పట్నం మనిషి. వారంలో మూడు రోజులు పొద్దుటి బస్సుకు దిగేవారు, మధ్యాహ్నం అదే బస్సు వెనక్కి పోతుంటే ఎక్కేవారు. "మనిషి చెడ్డవాడు కాదు గానీ" అని మర్యాదకు రాయొచ్చు. రాయను. అంత బద్ధకం కూడా చెడ్డతనమే. టేబులు ముందు కూర్చుని "ఏమైంది?" అని అడుగుతారు. రైతు చెప్తాడు. ఆయన చిట్టీ రాస్తారు. పశువు బయట ఎండలో ఉంటుంది. ఆ టేబులుకూ పశువుకూ నడుమ పది అడుగులు. ఆ పది అడుగులు ఆయన నడవగా నేను చూసినవి వేళ్ల మీద చెప్పగలను.

మాకొక మైక్రోస్కోపు ఉండేది. నమ్మండి, మంచిదే. బీరువాలో, తెల్ల గుడ్డ ముసుగులో, తాళంలో ఉండేది. తాళంచెవి డాక్టర్ గారి గుత్తిలో. "పగిలితే పైవాళ్లకు ఎవరు జవాబు చెప్తారు?" అనేవారు. అది ఏడాదికి ఒక్కరోజు బయటికొచ్చేది, దసరా నాడు, ఆయుధపూజకు. సూదులూ కత్తెరలూ చట్రమూ వరుసగా తుడిచి, అన్నిటికంటే ముందు మైక్రోస్కోపుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవాళ్లం. తర్వాత దండ తీసి మళ్లీ లోపల పెట్టి తాళం. కన్ను పెట్టి చూడాల్సిన దానికి కళ్లు మూసుకుని మొక్కిన దవాఖాన మాది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండి, అంచున మోకాలెత్తు పచ్చగడ్డి లేచింది. వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో, దసరాకు మూడు వారాల ముందు, మధ్యాహ్నం బస్సు వేళకు, చెరువు కట్ట కింది వాడ ఆడమనిషి ఒకామె మేస్తున్న బర్రెను అట్లే తోలుకొచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పలుపు చేతికి చుట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఏమైంది?" అన్నారు డాక్టర్ గారు.

"బర్రెకు గొంతు వాసింది సారూ."

ఆయన నా వైపు తిరిగారు. "గొంతువాపు. రాయి." అయిపోయింది. ఆమె తన ఊరి మాటలో కళ్లకు కనబడ్డది చెప్పింది, గొంతు దగ్గర వాచిందని. ఆయన చెవికి అది పుస్తకంలో జబ్బు పేరుగా వినబడింది. ఆ మాట విన్నాక ఆయనకు బర్రెతో పని లేకుండా పోయింది.

సూది వేయడానికి నేను బయటికి పోయాను. బర్రె గట్టిదే, కానీ పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. దవడ కింద వాపు సంచిలా వేలాడుతోంది. బొటనవేలితో నొక్కాను. చల్లగా, మెత్తగా ఉంది. వేలు తీస్తే పిండిలో నొక్కినట్టు గుంట అట్లే నిలిచింది. బర్రెకు నొప్పి కూడా తెలియలేదు. కనురెప్ప తిప్పితే లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా తెల్లగా ఉంది.

"ఎన్ని దినాలాయె అక్కా?"

"వాసి ఎనిమిది దినాలాయె. బక్కగైతుండి రెండు నెలలు. నడుమ నడుమ నీళ్లలెక్క పారుతది. మేత మాత్రం తింటది సారూ, వద్దనదు."

గొంతువాపు వచ్చిన పశువు ఎనిమిది రోజులు నిలబడి మేత తినదు. అది తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. నాకు తెలిసిపోయింది. శిక్షణలో ఉన్నప్పుడు ఇట్లాంటి దవడలు నాలుగైదు నొక్కాను. అవి కార్జపు జలగలు, కాలేయంలో చేరే పురుగులు. చెరువు అంచున నత్తల్లో పెరిగిన పిల్లపురుగులు బయటికొచ్చి గడ్డికి అంటుకుంటాయి. గడ్డితో పాటు పశువు మింగుతుంది. కార్జంలో చేరి ఆకుల్లా పెరిగి నెలల తరబడి రక్తం పీలుస్తాయి. ఒంట్లో రక్తం పలచనై, నీరు దవడ కిందికి దిగుతుంది. ఆ మందు వేరు, ఈ సూది వేరు.

సూది వేయకుండానే లోపలికి పోయాను. "సార్, ఒకసారి పేడ చూద్దామా? కార్జపు జలగలేమో అనిపిస్తోంది" అన్నాను.

డాక్టర్ గారు కలం మూత పెట్టారు. "ఏమయ్యా, చదివింది నువ్వా, నేనా?"

"మీరే సార్."

"అమ్రాబాద్‌లో కాంపౌండరు పోస్టు ఖాళీగా ఉందట. పంపించమంటావా? అడవిలో కూర్చుని పులుల పేడ చూసుకోవచ్చు."

ఆయన ముందు కూర్చున్న ఇద్దరు రైతులు నవ్వారు. నేను బయటికొచ్చి సూది వేశాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, అంతకంటే ఎక్కువగా నా "మీరే సార్" వినిపిస్తుంది.

అప్పుడు నా భార్య గద్వాలలో పుట్టింట్లో ఉంది. మగ్గాల ఇల్లు వాళ్లది. మాకు మొదటి బిడ్డ పుట్టి నాలుగు నెలలు. నేను మూడుసార్లు చూశాను. గద్వాల దగ్గర వడ్డేపల్లికి బదిలీ అడుగుతూ రాసిన దరఖాస్తు డాక్టర్ గారి సొరుగులో ఉంది. ఆయన సంతకం పెడితే గాని పైకి పోదు. "దసరాకు చూద్దాంలే" అంటున్నారు.

మర్నాడు పొద్దున ఆమె మళ్లీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. బర్రె దవడ కింద ఏమీ లేదు, చర్మం వదులుగా వేలాడుతోంది, అంతే. ఆ ఒక్కసారి డాక్టర్ గారు తలుపు దాకా లేచి వచ్చారు. "చూశావా?" అన్నారు, ఆమెతో కాదు, నాతో. "నయమైంది అని రాయి." రాశాను.

ఆ సాయంత్రం అయిదింటికి ఆమె నా గది ముందు నిలబడింది. బర్రె దవడ కింద మళ్లీ సంచి. నిన్నటికంటే పెద్దది.

"ఏంది సారూ గిది? పొద్దుగాల లేకపాయె!"

ఇందులో మాయ ఏమీ లేదు. బర్రె పగలంతా తల వంచి మేస్తుంది. నీరు దవడలోకి దిగుతుంది. కొట్టంలో కట్టేశాక తల పైకెత్తి పడుకుని నెమరేస్తుంది. తెల్లారేసరికి నీరు ఒంట్లోకి ఇంకిపోతుంది. మా దవాఖాన తెరిచేది పొద్దున. అంటే మా దగ్గర ఆ బర్రెకు ప్రతి పొద్దునా నయమయ్యేది, ఆమె దగ్గర ప్రతి సాయంత్రమూ జబ్బు తిరగబెట్టేది. ఈ ముక్క నేను ఆమెకు ఆ రోజే చెప్పి ఉండొచ్చు. "రేపు మల్ల తీసుకరా అక్కా, డాక్టర్ సారు చూస్తడు" అన్నాను. డాక్టర్ సారు ఏం చూస్తారో నాకు తెలుసు.

ఆమె నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి డాక్టర్ గారు నవ్వారు. రెండోసారి మొహం చిట్లించారు. మూడోసారి చేతికి అందిందేదో ఇంకో సూది రాశారు. నాలుగోసారి గొంతు పెంచారు.

"ఏమమ్మా, బర్రె బాగానే ఉంది కదా? నీకు పనీపాటా లేదా? రోజూ ఇదే తంతు."

"బర్రె పొద్దుగాల నీ ముంగల మంచిగుంటది సారూ, పొద్దుమీకి నా ముంగల వాస్తది. నేనేమన్న మంత్రం పెడ్తున్ననా? ఒక్కపారి పొద్దుమీకి వచ్చి చూడుండ్రి."

"పొద్దుమీకి నాకు బస్సు ఉండదు."

ఈ మాట ఆయన సిగ్గు లేకుండా అన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆమె బర్రెను మలుపుకుని పోతుంటే వెనక పోయి, చట్రం దగ్గర ఆపి, ఇంకా మేత తింటుందా అని అడిగాను. సగమే తింటున్నదట. పాలు ఎండిపోయాయట. అప్పుడే ఆమె తన సంగతి చెప్పింది.

మొగుడు మేస్త్రి ముఠాలో ఏడాదికి ఎనిమిది నెలలు ఎక్కడెక్కడో కాలువ పనిలో ఉంటాడు. ఈమె కూడా అయిదేళ్లు పోయింది. గుడారాల్లో ఉండి రాళ్లు మోసింది. అక్కడే ఒక బిడ్డను కన్నది, అక్కడే పూడ్చి వచ్చింది. కిందటేడు ఈ బర్రెను సంపాదించుకుని, పాలు హోటలుకు పోస్తూ ఊళ్లోనే ఉండిపోయింది.

"గిది నిలవడ్డన్ని దినాలు నేను లారీ ఎక్క సారూ," అన్నది బర్రె వీపు మీద చెయ్యి వేసి. "గిది పడ్డదా, నేను ఎక్కాలె. దీపావళి తెల్లారి మేస్త్రి లారీ వస్తది. ఆ రాళ్లకాడికి నేను మల్ల పోలేను. ఎట్లన్న జెయ్యి, జర నిలవెట్టు."

"చూద్దాం అక్కా" అన్నాను. ఏం చూద్దామనుకున్నానో నాకే తెలియదు.

మా ఊళ్లో ఈ జబ్బు గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి దవాఖానలో లేడు, బస్టాండు వెనక మాంసం దుకాణంలో ఉన్నాడు. గడ్డం నెరిసిన ముసలాయన. నేను చాచా అని పిలిచేవాణ్ని. ఆ ఆదివారం పొద్దున దుకాణానికి పోయి కార్జం అడిగాను. ఎదురుగా కొక్కేనికి నిగనిగలాడే కార్జం వేలాడుతోంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది నీకియ్య సాబ్. పైకి మంచిగనే కనవడ్తది."

కత్తితో చీల్చాడు. కర్రుమని చప్పుడైంది, ఇసుకలో కత్తి దిగినట్టు. లోపలి గొట్టాలు గట్టిపడి ఉన్నాయి. ఒకదాన్ని వేళ్లతో పిండితే తడి ఆకుల్లాంటి పురుగులు రెండు జారి పడ్డాయి, బొటనవేలి గోరంత వెడల్పు. ఇంకా కదులుతున్నాయి.

"వీటిని మేం పత్తే అంటం, ఆకులన్నట్టు. చెరువు కింద మేసిన గొర్రెలు. కోడేరు దిక్కుకెల్లి వచ్చిన గొర్రెల కార్జం తూకంల ఏస్త, మన చెరువు కిందిది కుక్కలకేస్త. మూడేండ్లాయె."

"మూడేండ్ల నుంచి ఎవరికన్న చెప్పినవా చాచా?"

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "ఎవరడిగిండ్రు? మీ డాక్టర్ సాబ్ నా దుకాణం ముంగల్నే బస్సు దిగుతడు. ముక్కుకు దస్తీ కట్టుకుని పోతడు."

నాకు అక్కడే కోపం ముంచుకొచ్చింది. ఊరి మొత్తం పశువుల జబ్బు రోజూ పొద్దున బస్టాండు వెనక కొక్కేనికి వేలాడుతోంది, మేమేమో గోడ మీద బొమ్మ చూసుకుంటూ కూర్చున్నాం. ఆ కోపం నాతో పాటు గది దాకా వచ్చింది. సోమవారం డాక్టర్ గారు బస్సు దిగేసరికి ఎటు పోయిందో పోయింది. ఆయన సంచి అందుకుని లోపల పెట్టాను. గొంతువాపు రాకుండా ఊరందరి పశువులకూ టీకాలు కావాలని ఆయన పైకి రాసిన కాగితాన్ని నా చేత్తోనే సాపు చేశాను.

దసరా వచ్చింది. డాక్టర్ గారు కొత్త చొక్కాతో దిగారు. మైక్రోస్కోపు బయటికొచ్చింది. ముసుగు తీశాం, బొట్టు పెట్టాం, దండ వేశాం. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు సమాన చిప్పలుగా పగిలింది. ఆయన సంబరపడిపోయి, కొబ్బరి ముక్క నములుతూ తనే సొరుగు తీశారు. "ఏదీ నీ కాగితం? పండుగ పూట నిన్ను ఉత్త చేతులతో పంపడం ఎందుకు?" సంతకం పెట్టారు. నేను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

"సార్, దీన్ని లోపల పెట్టేముందు ఒకటి చూస్తాను" అన్నాను. ఆయన పేపరు చదువుకుంటూ చెయ్యి ఊపారు. నేను చెరువు కట్ట కింది వాడకు దాదాపు పరుగెత్తాను. బర్రె కొట్టంలో పడుకుని ఉంది. ఆమె ఇంట్లో లేదు, పచ్చగడ్డికి పోయిందట. వెచ్చటి పేడ తామరాకులో తెచ్చాను. గ్లాసు నీళ్లలో కలిపి, చాయ వడపోసే జల్లెడతో వడకట్టి, తేరనిచ్చి, పై నీళ్లు వంచేసి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ తేరనిచ్చి, నాలుగుసార్లు అట్లా చేశాను. అడుగున మిగిలిన మడ్డి ఒక చుక్క గాజుపలక మీద వేసి, పక్కన నీలం రంగు చుక్క కలిపాను. మైక్రోస్కోపు అద్దం మీద ఎవరి వేలి పసుపో అంటుకుని ఉంది. చొక్కా అంచుతో తుడిచాను.

పేడ తుక్కంతా నీలం పట్టింది. ఆ నీలం నడుమ గుడ్లు మాత్రం రంగు పట్టకుండా బంగారు పసుపులో మెరుస్తున్నాయి. కోలగా, ఒక కొసకు మూతతో. పలకను ఎటు జరిపినా ఉన్నాయి. ఒక్క చుక్కలో అన్ని గుడ్లు నేను శిక్షణలో కూడా చూడలేదు. ఈ పని మొత్తానికి అరగంట పట్టింది. అరగంట! మూడు వారాలు ఆమెను అబద్ధాలకోరును చేసి తిప్పింది ఈ అరగంట పని చేయలేకనే.

"సార్, చూడండి."

ఆయన వంగి, ఒక కన్ను మూసి చూశారు. చాలాసేపే చూశారు. చదువుకున్న మనిషి కదా, గుర్తుపట్టారు. లేచి దస్తీతో కన్ను తుడుచుకున్నారు.

"ఇవి ప్రతి బర్రెలోనూ ఉంటాయయ్యా. గొంతువాపు అని పైకి రాసేశాం. టీకాలు బయల్దేరాయి. ఇప్పుడు కాదంటే ఎవరి మొహం పెట్టుకుని చెప్తాం?"

"మందు పోసి వస్తాను సార్."

"పోసుకో. రిజిస్టరులో మాత్రం ఏమీ మార్చకు." మైక్రోస్కోపు ముసుగు కప్పి ఆయనే లోపల పెట్టి తాళం వేశారు.

జలగల మందు డబ్బా ఎక్కడుందో వెతకనక్కర్లేదు. నేను రోజూ కూర్చునే కుర్చీ వెనక, కింది అరలో ఉంది. వారానికోసారి దాని మీద దుమ్ము తుడిచేది నేనే. మందు నీళ్లలో కలుపుకుని, వెదురు గొట్టం పట్టుకుని పోయాను. అప్పటికి ఆమె వచ్చింది. బర్రె తల ఎత్తి పట్టుకుంది. గొట్టం మూతి దవడ పక్కకు పెట్టి కొంచెం కొంచెంగా పోశాను. పెయ్యకు పాలు పట్టినంత ఓపికగా ఆ తలను పట్టుకుంది ఆమె.

"గిప్పుడు నిలవడ్తదా సారూ?"

"పెద్ద మందు ఇది. చూద్దాం అక్కా."

రెండు రోజులు కొంచెం మేత ముట్టింది. మూడో రోజు లేవలేదు. ఒంట్లో రక్తం ఉంటే కదా మందు పని చేసేది. అయిదో రోజు పొద్దున ఆమె దవాఖానకు వచ్చింది. చేతిలో పలుపు ఒక్కటే ఉంది. డాక్టర్ గారి టేబులు మీద ఆ పలుపు పెట్టి వెళ్లిపోయింది. ఆయన "ఇదేంటి?" అని నన్నడిగారు. నేను పలుపు తీసి బయట చట్రానికి వేలాడదీశాను.

కోసి చూద్దామన్నాను. తనకు వేరే పని ఉందన్నారు ఆయన. నేను ఒక్కణ్నే కత్తి తీసుకుని చెరువు వెనక్కి పోయాను. దారిలో చాచా కలిశాడు. చచ్చిన దాని మీద తన కత్తి పెట్టనన్నాడు గానీ నాతో వచ్చి, పక్కన నిలబడి ఎక్కడ కోయాలో చూపించాడు. కార్జం బయటికి తీసి చీల్చితే అదే చప్పుడు, ఇంకా గట్టిగా. గొట్టాల నిండా కిక్కిరిసి ఉన్నాయి. నేను వాటిని సీసాలో వేస్తుంటే చాచా చూస్తూ నిలబడ్డాడు.

"మొన్న ఆదివారం చూపిచ్చిన కద సాబ్ నీకు," అన్నాడు. తిట్టలేదు. గుర్తు చేశాడంతే.

సీసా తీసుకుపోయి డాక్టర్ గారి టేబులు మీద, ఆయన చాయగ్లాసు పక్కనే పెట్టాను. ఆయన గ్లాసు జరుపుకున్నారు. "బీరువా మీద పెట్టు" అన్నారు. "చచ్చిందానికి ఏం రాయమంటారు సార్?" అని కొంచెం గట్టిగానే అడిగాను. "నయమైందని రాశాం కదా. అది నయమైంది. తర్వాత దేనికో చచ్చిపోయింది. దానికి మనమేం చేస్తాం?" అన్నారు. రిజిస్టరులో ఆ బర్రె ఇప్పటికీ బతికే ఉంది. నా చేతిరాతలో. సీసాకు మరుసటి దసరా నాడు బొట్టు పెట్టే ఉంటారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ ఉద్యోగం చేశాను. గద్వాల వైపు, కృష్ణ ఒడ్డు ఊళ్లలో, ఎవరు వచ్చి వాపు అన్నా నా నోట మొదట వచ్చే మాట "పొద్దుగాలనా, పొద్దుమీకినా?" జనం నవ్వేవాళ్లు. నాతో పనిచేసిన ముగ్గురు డాక్టర్లతో పేడ పరీక్ష దగ్గర గొడవపడ్డాను. కోపిష్టివాడని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నాకు నచ్చింది కూడా. కోపం ఉన్నవాడికి ధైర్యం ఉందని జనం అనుకుంటారు.

ఆ ఏడు దీపావళి తెల్లారికి నా బదిలీ కాగితం చేతికొచ్చి రెండు రోజులైంది. ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని బస్టాండులో వనపర్తి బస్సు కోసం నిలబడ్డాను. అక్కణ్నుంచి గద్వాల పోవాలి. మేస్త్రి లారీ కూడా అక్కడే ఆగి ఉంది. చట్లు, బొంతలు, గంపలు, మనుషులు. ఆమె లారీ వెనక పలక పట్టుకుని ఎక్కబోతూ నన్ను చూసి దిగింది. దగ్గరికొచ్చింది.

"యాడికి సారూ?"

"గద్వాల దిక్కు అక్కా. బదిలీ అయింది."

"మంచిదాయె. ఇంటికాడికి పోతున్నవ్." నిజంగానే సంతోషంగా అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "అది గొంతువాపు కాదటగద. కార్జంల జలగలుండెనట. చాచ చెప్పిండు."

"అవును అక్కా."

"నీకెప్పుడు ఎరికైంది సారూ?"

లారీ హారను కొట్టింది. మొదటి రోజు నా బొటనవేలి కింద నిలిచిన గుంట కళ్ల ముందుకొచ్చింది.

"దసరా నాడే అక్కా," అన్నాను. "పేడ చూసినంకనే."

పరీక్షలో తేలింది ఆ రోజే కదా. ఎవరైనా నిలదీసినా అది అబద్ధమని రుజువు చేయలేరు. ఆమె తల ఊపింది. పలక పట్టుకుని పైకెక్కి, గంపల నడుమ కూర్చుని, నా వైపు వంగింది.

"నువ్వు పానం వెట్టి జేసినవ్ సారూ. నీకు ముందుగాల ఎరికైతే జెప్పకపోదువా?"

నేను అవునన్నట్టు తల ఊపాను.